ఆ పిల్లను ఉస్లాపూర్‌లో దించేశాం

ఈ విషయంలో నాకు ఇద్దరు మనుషులు క్షమాపణ చెప్పాలి. ఒకడు నా బావ, అంటే నా భార్యకు అన్న. రెండోవాడు మా వీధి చివరి ఇంట్లో ఉండే రిటైర్డ్ ఇంజన్ డ్రైవరు. ఇద్దరూ ఇప్పటిదాకా చెప్పలేదు. చెప్పరని కూడా నాకు తెలుసు. అయినా మరిచిపోయే అలవాటు నాకు లేదు. మొదట గూడ్సు బళ్ళ మీద, తర్వాత పాసింజర్ల మీద గార్డుగా ముప్పయ్యారేళ్ళు పనిచేశాను. గార్డు దగ్గర రఫ్ జర్నల్ అని ఒక పుస్తకం ఉంటుంది. ఏ స్టేషనుకు ఎన్నింటికి వచ్చాం, ఎన్నింటికి కదిలాం, ఏ సిగ్నల్ దగ్గర ఎన్ని నిమిషాలు నిలబెట్టారు, అన్నీ అప్పటికప్పుడు అందులో రాసుకోవాలి. రేపు ఎవడైనా ఆలస్యం నీ వల్లేనంటే పేజీ తిప్పి చూపించాలి. రిటైరయ్యాక బళ్ళు పోయాయి గానీ రాయడం పోలేదు. ఎవరు నన్ను ఏమన్నారో, ఎన్ని గంటలకు అన్నారో, ఎవరి ముందు అన్నారో ఇప్పటికీ రాస్తూనే ఉన్నాను. మా ఆవిడ దాన్ని ఏడుపు పుస్తకం అంటుంది. ఆ మాట కూడా టైముతో సహా రాసి ఉంది.

దాడి జరిగిన రోజు సాయంత్రం నేను టీ కొట్టు దగ్గరే ఉన్నాను. బిలాస్‌పూర్ తార్‌బహార్‌లో మా వీధి మొదట్లో ఉంటుంది ఆ కొట్టు. దాని ముందు ఒకే ఒక్క పొడవాటి బల్ల. రిటైరైన తెలుగు రైల్వేవాళ్ళం అందరం ఆ బల్ల మీదే సర్దుకుంటాం. ఫోన్లు ఒకటి తర్వాత ఒకటి మోగడం మొదలుపెట్టాయి. ఉత్తరాన ఎక్కడో కొండల్లో, ఊళ్ళు చూడడానికి వెళ్ళిన జనం ఉన్న బస్సు మీద ఉగ్రవాదులు కాల్పులు జరిపారట. ఎంతమంది పోయారో ఇంకా తెలియదట. టీ కొట్టువాడు స్టవ్ ఆపేసి ఫోను పట్టుకుని నిలబడిపోయాడు. నా బావ జీవితమంతా బుకింగ్ కిటికీ వెనక కూర్చుని ఎవరితోనూ మెత్తగా మాట్లాడని మనిషి. అలాంటివాడు తువ్వాలుతో కళ్ళు ఒత్తుకున్నాడు. డ్రైవరు, "ఓరి దేవుడా, పిల్లలు కూడా ఉన్నారేటి బస్సులో" అని తల పట్టుకున్నాడు.

అంతలో మా పక్కింటావిడ చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చింది. నేను ఆమెను చెల్లెమ్మ అంటాను. భర్త సర్వీసులో ఉండగానే పోతే ఆ ఉద్యోగం ఈమెకు ఇచ్చారు. రైల్వే ఆఫీసులో ఫైళ్ళు మోస్తూ ఒక్కగానొక్క కూతుర్ని చదివించింది. ఆ పిల్లకు రాయ్‌పూర్‌లో బ్యాంకు ఉద్యోగం వచ్చి రెండేళ్ళయింది.

"అన్నయ్యా, మా గుంట ఆ కొండల్లోనే ఉంది! బ్యాంకోళ్ళతో ఎల్లింది. ఫోను తగలట్లేదు."

బల్ల మీద ఉన్నవాళ్ళందరం ఒక్కసారే లేచాం. ఆ తర్వాత రెండు గంటలు ఒకటే హడావుడి. బావ ఒక పక్క, డ్రైవరు ఒక పక్క, నేను ఒక పక్క, తెలిసిన ప్రతి నంబరుకీ ఫోను చేశాం. రాత్రి ఎనిమిదీ ఇరవైకి పిల్లే ఎవరి ఫోను నుంచో మాట్లాడింది. బతికే ఉంది. గాజు ముక్కలు గుచ్చుకుని చెయ్యి చీరుకుపోయింది, అంతే. పక్క సీట్లో కూర్చున్న తోటి ఉద్యోగిని మాత్రం దక్కలేదు. ఆ మాట విని చెల్లెమ్మ నేల మీద కూలబడింది. బావా డ్రైవరూ వీధి మధ్యలో ఒకరినొకరు కావలించుకుని ఏడ్చారు. అది నా కళ్ళతో చూసి రాసుకున్నాను. అలా రాసుకోబట్టే, తర్వాత జరిగినదాన్ని నేను సహించలేకపోయాను.

మర్నాడు పొద్దున ఆరున్నరకు వెళ్ళేసరికి బల్ల మీద ఇద్దరూ రెండు చివర్లకు జరిగి కూర్చున్నారు. మధ్యలో ముగ్గురు పట్టే ఖాళీ. నేను ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడే టీ తాగాను. దయచేసి కూర్చోమని ఒక్కడూ అనలేదు.

బావ ఫోనులోంచి చదువుతున్నట్టు మాట్లాడుతున్నాడు. "ఇది మాటలాడే టైము కాదు. ఢిల్లీలో ఉన్నోళ్ళ ఎనకాల అందరం నిలబడాల. ఇప్పుడు ప్రశ్నలేసినోడు సత్రువుకి సాయం సేసినట్టే."

"అచ్ఛా!" అన్నాడు డ్రైవరు. "అంతమంది జనాన్ని కొండెక్కించీసి, ఒక్క జవాన్నైనా పెట్టలేదేటి? కాపలా ఎవుడిది బాబుగారూ? సిగ్నల్ సూడకుండా నాను బండి తోలీసుంటే నన్ను ఊరుకునీవోరేటి? అదే రోజు సస్పెండు సేసీవోరు."

"నీకు దేశం కన్నా పార్టీ ఎక్కువ."

"నీకు పార్టీయే దేశం. రెండో దేశం నీకు తెలీదు."

టీ కొట్టువాడు ఛత్తీస్‌గఢ్ మనిషి. మా తెలుగు సగం అర్థమవుతుంది. "అరే భయ్యా, రాత్రి గలే మిలే, సుబే ఝగడా?" అన్నాడు. రాత్రి కావలింతలు, పొద్దున్నే కొట్లాటా అని.

మూడు రోజుల్లో వీధి అంతా అలాగే చీలిపోయింది. ఒకటే దాడి. పోయినవాళ్ళు ఒకటే. కానీ బావ వైపువాళ్ళ ఫోన్లలో ఒక రకం బొమ్మలు, డ్రైవరు వైపువాళ్ళ ఫోన్లలో ఇంకో రకం బొమ్మలు. ఒక వైపువాళ్ళకు కోపమంతా సరిహద్దు అవతలివాళ్ళ మీద. ఇంకో వైపువాళ్ళకు కోపమంతా ఢిల్లీ మీద. బావ ఇంట్లో టీవీ పెడితే వాళ్ళ కోడలు పుట్టింటివాళ్ళు లేచి వెళ్ళిపోయారు. ఎవరైనా "పాపం" అంటే చాలు, ఎవరి గురించి పాపం అన్నావో, ఎందుకన్నావో విప్పి చెప్పాల్సి వచ్చేది. నేను ఏమనుకుంటున్నానో మాత్రం ఎవరూ అడగలేదు. ఆ మూడు రోజుల్లో నన్ను మాట మధ్యలో ఆపేసింది పదకొండు సార్లు.

మూడో రోజు మధ్యాహ్నం అన్నం తింటుంటే నాకు తటాలున ఒకటి గుర్తొచ్చింది. కంచం ముందు నుంచి లేచిపోయాను. అటక మీద ట్రంకు పెట్టె దించి, పాత పుస్తకాలన్నీ గదిలో పరిచేశాను. మా ఆవిడ గుమ్మంలో నిలబడి, "ఏటి సేత్తన్నావు? ఎంగిలి సెయ్యి కడుక్కోవేటి?" అంటోంది. నాకు వినిపిస్తే కదా! చాలా ఏళ్ళ కిందట ఇలాంటిదే ఇంకో దాడి జరిగింది. అప్పుడు ఢిల్లీలో ఉన్నది డ్రైవరు మెచ్చే పార్టీ. బావ మెచ్చేది ప్రతిపక్షంలో ఉంది. ఆ వారం అదే బల్ల మీద ఎవరేం మాట్లాడారో నేను రాసుకోకుండా ఉంటానా?

ఉంది! రెండు పేజీల నిండా ఉంది. ఉదయం ఏడూ పదికి బావ అన్న మాట: "కాపలా ఎవుడిది? సేతకానోళ్ళు కుర్చీ దిగిపోవాల." ఏడుంపావుకు డ్రైవరు అన్న మాట: "ఇది రాజకీయం సేసే టైము కాదు. అందరం ఢిల్లీ ఎనకాల నిలబడాల." ఆ పేజీ రెండుసార్లు చదివాను. మాటలు అవే, మనుషులు అటూ ఇటూ మారారంతే. డ్రైవరు అన్నదానికి నేను చప్పట్లు కొట్టానని కూడా కింద రాసి ఉంది. అబద్ధం రాయడం నాకు రాదు.

ఇది చూపిస్తే వీధి మళ్ళీ ఒకటవుతుందని నమ్మాను. నిజంగా నమ్మాను. ఆ ఆదివారం మా తెలుగువాళ్ళ హాల్లో సంతాప సభ పెట్టారు. పిల్ల మంగళవారం వస్తోంది, ఆమె మేనమామ వెళ్ళి తీసుకొస్తున్నాడు, ఆ విషయం కూడా మాట్లాడాలి అన్నారు. నేను పుస్తకం సంచిలో పెట్టుకుని అందరికన్నా ముందు వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాను.

మైకు నా చేతికి రావడానికే నలభై నిమిషాలు పట్టింది. లేచి, ఏడూ పది నుంచి చదవడం మొదలుపెట్టాను. బావ మాట చదవగానే డ్రైవరు వైపువాళ్ళు ఈలలు వేశారు. "వన్స్ మోర్!" అని ఒకడు. బావ ముఖం కందగడ్డలా అయింది. సరే, ఇప్పుడు రెండోది చదువుతాను, న్యాయంగా ఉంటుందనుకున్నాను. డ్రైవరు మాట చదివాను. ఈసారి బావ వైపువాళ్ళు బల్లలు చరిచారు. అయితే సిగ్గుపడ్డవాడు మాత్రం ఒక్కడూ లేడు! బావకేమో డ్రైవరు గురించి రాసిందంతా నిజం, తన గురించి రాసింది అబద్ధం. డ్రైవరుకు తిరగేసి అంతే.

"అప్పటి దాడి ఏరు, ఇప్పటి దాడి ఏరు" అన్నాడు డ్రైవరు.

"అదే నానూ అంతన్నాను" అన్నాడు బావ. వారం రోజుల్లో ఇద్దరికీ కుదిరిన మొదటి మాట అదే. ఆ వెంటనే బావ నా చేతిలోంచి మైకు లాక్కున్నాడు. "కూకో బావా. నీ పుస్తకం నీ ఇంటికాడ సదువుకో." హాలంతా నవ్వింది. అప్పుడు టైము పదకొండూ ఇరవై రెండు.

నవ్వు తగ్గాక మంగళవారం సంగతి తీశారు. బావ మనుషులు ఊరి శివార్లలో ఉన్న లాల్‌ఖదాన్ నుంచి డోలు బృందాన్ని మాట్లాడారట. జెండాలు, దండలు, నినాదాలు. పిల్ల బోగీ దిగగానే ఆమె చేత రెండు ముక్కలు మాట్లాడించి ఫోన్లలో తీయాలట. డ్రైవరు మనుషులు ఊరుకుంటారా? వాళ్ళు నల్ల బ్యాడ్జీలు, ప్లకార్డులు, "జవాబు చెప్పండి" అని నినాదాలు. పిల్ల చేత కాపలా లేదని చెప్పించి ఫోన్లలో తీయాలట. పిల్ల ఏ వైపు దండ ముందు వేయించుకోవాలి అన్న దాని మీద ఇరవై నిమిషాలు కొట్టుకున్నారు.

అప్పుడు తలుపు దగ్గర నిలబడ్డ చెల్లెమ్మ నోరు విప్పింది. ఆమె గొంతు మామూలుగానే చిన్నది.

"బాబూ, మీకు దణ్ణం పెడతాను. స్టేషనుకి ఎవరూ రావొద్దు. దానికి సప్పుడు పడట్లేదు. కుక్కరు కూత ఏసినా మంచం కిందకి దూరిపోతందట. ఆ రోజు నుంచి కన్ను మూయలేదు. కన్ను మూత్తే ఉలిక్కిపడి లేచిపోతంది. ఇంటికొచ్చి దాని మంచం మీద అది పడుకుంటే సాలు నాకు."

ఒక్క నిమిషం అందరూ తలలు ఊపారు. "అవునమ్మా, అవునమ్మా" అన్నారు. బావ, "అలాగే తల్లీ, డోలు మెల్లిగా కొట్టమంటాను" అన్నాడు. డ్రైవరు, "మావి నినాదాలే చెల్లెమ్మా, డోలు కాదు" అన్నాడు. మళ్ళీ దండల దగ్గరికి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం గోడ మీదుగా చెల్లెమ్మ నన్ను పిలిచింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. "అన్నయ్యా, నువ్వు ఇన్నేళ్ళు బళ్ళు నడిపావు. బండి ఆ స్టేషనుకి పోకుండా ఆపలేవేటి?" అంది.

ఏదో అనాలోచితంగా అన్న మాట. బండిని ఆపడం ఎవరి తరం? కానీ ఆ మాట అంటుండగానే నా బుర్రలో దీపం వెలిగినట్టయింది. బండిని ఆపక్కర్లేదు, పిల్ల ముందే దిగిపోతే చాలు!

ఢిల్లీ నుంచి కట్నీ మీదుగా వచ్చే బండి బిలాస్‌పూర్‌కు ముందు ఉస్లాపూర్‌లో రెండు నిమిషాలు ఆగుతుంది. ఊరికి పడమటి చివర చిన్న స్టేషను. తఖత్‌పూర్ వైపు పోయేవాళ్ళు, ఆ చుట్టుపక్కల కాలనీలవాళ్ళు దిగుతారు. మా రైల్వే తెలుగువాళ్ళు మాత్రం అక్కడ దిగరు. మా తాతల కాలం నుంచి ఎవరూ దిగలేదు. పెద్ద స్టేషను మాకు వీధి అరుగులాంటిది. అక్కడ దిగితే టికెట్ కలెక్టరు పలకరిస్తాడు, పార్సిలు ఆఫీసు నుంచి ఎవరో ఒకరు వచ్చి సంచి అందుకుంటారు, "ఏ బండికి వచ్చావు, ఎంత లేటు" అని నలుగురూ అడుగుతారు. అది వదులుకుని ఉస్లాపూర్‌లో దిగి ఆటో ఎక్కడమంటే మా వాళ్ళకు దొడ్డిదారిన ఇంటికి రావడం లెక్క. అందుకే ఈ ఆలోచన బావకీ రాదు, డ్రైవరుకీ రాదు. అంత గట్టిగా ఎలా చెప్పగలనంటే, నాకు కూడా ఆ సాయంత్రం దాకా రాలేదు.

పిల్ల మేనమామకు ఫోను చేశాను. అతను కూడా రైల్వేవాడే, క్యారేజి షెడ్డులో పని.

"ఉస్లాపూర్‌లోనా? ఏటన్నయ్యా, మనం అక్కడ దిగడమేటి? నాకు పాసుంది, ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద దర్జాగా దిగుతాం."

"దర్జా తర్వాత, ముందు పిల్ల నిద్ర సంగతి చూడు" అని కసిరాను. ఇద్దరికి తప్ప ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. ఆ ఇద్దరిలో ఒకరు చెల్లెమ్మ, రెండోది మా ఆవిడ. ఆమెను అన్నగారి గుంపుతో పెద్ద స్టేషనుకు పంపించాను. అక్కడ ఏం జరుగుతోందో ఫోనులో నాకు చెబుతుండాలి. మా ఆవిడకు ఇలాంటి పనులంటే ప్రాణం. పట్టుచీర కట్టుకుని వెళ్ళింది.

మంగళవారం పొద్దున తొమ్మిదికి నేనూ చెల్లెమ్మా ఉస్లాపూర్ ప్లాట్‌ఫారం మీద ఉన్నాం. ఆటో అతన్ని బయట నిలబెట్టి, హారను కొట్టకూడదని మూడుసార్లు చెప్పాను. నా కాళ్ళు ఒకచోట నిలవడం లేదు. మొదటి డ్యూటీ రోజున కూడా అంత కంగారు పడలేదు. బండి అరగంట లేటన్నారు. అరగంటలో మా ఆవిడ ఆరుసార్లు ఫోను చేసింది.

"డోలోళ్ళు వొచ్చీసినారు."

"మా అన్నయ్య దండ ఎంత పెద్దదో! ఏనుగుకైతే సరిపోద్ది."

"డ్రైవరోళ్ళు బుక్‌స్టాలు కాడ నిలబడ్డారు. ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంతన్నారు. పోలీసాయన మధ్యలో నిలబడి సమోసా తింతన్నాడు."

బండి వచ్చింది. పిల్ల ఉన్న బోగీ వెనక వైపు ఉంది, గార్డు ఉండే బ్రేకు పెట్టెకు నాలుగు బోగీల ముందు. తలుపు తీసి మేనమామ సంచులు దించాడు. వెనక పిల్ల కనిపించింది. చేతికి తెల్ల కట్టు. మనిషి సగమైంది. మెట్టు మీద కాలు పెట్టింది. అదే సమయానికి పక్క తలుపు దగ్గర ఎవరో ఇనుప పెట్టెను ప్లాట్‌ఫారం మీదకు ధడేలున విసిరారు.

పిల్ల బిగుసుకుపోయింది. రెండు చేతులతో తలుపు కమ్మీ పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. "దిగు తల్లీ, దిగు" అని చెల్లెమ్మ చేతులు చాచింది. దిగదు. లోపలికీ పోదు. మేనమామ చెయ్యి పట్టుకోబోతే ఇంకా వణికింది. నేను వాచీ చూశాను. నిమిషం నలభై సెకన్లు. ముందు సిగ్నల్ పచ్చగా ఉంది. వెనక్కి తిరిగి చూస్తే తెల్ల బట్టల గార్డు పచ్చ జెండా విప్పుతున్నాడు. అది ఊపాడంటే బండి కదులుతుంది. కదిలిందంటే పిల్ల సరాసరి ఆ డోళ్ళ మధ్యలోకే పోతుంది.

నా చేతులు వాటంతట అవే లేచాయి. ఎర్ర జెండా దగ్గర లేనప్పుడు రెండు చేతులూ తలపైకి నిటారుగా ఎత్తితే, ప్రమాదం, ఆపు అని అర్థం. అది రైల్వేలో మొదటి రోజు నేర్పే పాఠం. రెండు చేతులూ ఎత్తి అలా నిలబడ్డాను. గార్డు నన్ను చూశాడు. ఎవరో నాకు తెలియదు, కుర్రతనం పోని ముఖం. నా మీద నుంచి చూపు తిప్పి తలుపులో ఉన్న పిల్లను చూశాడు. జెండా మడిచి చంకలో పెట్టుకుని, తొందర లేదన్నట్టు అరచెయ్యి చూపించాడు. ఓహ్! రిటైరయ్యాక ఇన్నేళ్ళకు నా చేతులు చూసి ఒక బండి ఆగింది!

చెల్లెమ్మ మెట్టు దగ్గరికి వెళ్ళి, పిల్లను ముట్టుకోకుండా, ఆమె పాదం పక్కన తన అరచెయ్యి పెట్టి మెల్లిగా ఏదో మాట్లాడింది. చిన్నప్పటి మాటలేవో. నాకు సరిగా వినిపించలేదు. పిల్ల ఒక కాలు దించింది. రెండోది దించింది. అప్పుడు నేను చేతులు దించి, గార్డుకు వంగి దణ్ణం పెట్టాను. అతను నవ్వి పచ్చ జెండా ఊపాడు. ఇంజను కూత ఎక్కడో దూరంగా ముందు వినిపించింది. అప్పటికే చెల్లెమ్మ తన కొంగుతో పిల్ల చెవులు రెండూ మూసేసింది.

ఆటోలో పిల్ల తల్లి ఒళ్ళో తల పెట్టుకుంది. నా లోపల మాత్రం ఉత్సాహం ఉబికి వస్తోంది. పాట పాడాలనిపించింది, ఎవరినైనా పట్టుకుని ఊపేయాలనిపించింది. పెదవులు కొరుక్కుంటూ కూర్చున్నాను. మేం ఇల్లు చేరేసరికి మా ఆవిడ ఫోను. బండి ఇంకా రాలేదట, అవుటర్ సిగ్నల్ దగ్గర నిలబెట్టేశారట!

తర్వాత కబురు పావుగంటకు వచ్చింది. ఆమె నవ్వు ఆపుకోలేక సగం మాటలు మింగేస్తోంది. బండి రాగానే రెండు గుంపులూ ఒకే తలుపు మీద పడ్డాయట. మొదట దిగిన ఆడపిల్ల చేతికి ఏదో తెల్ల గుడ్డ చుట్టుకుని ఉందట. బావ ముఖమైనా చూడకుండా ఆ ఏనుగు దండ తీసుకెళ్ళి ఆమె మెడలో వేసేశాడట. డ్రైవరు ఆమె పక్కన ప్లకార్డు పెట్టి ఫొటో తీయించేశాడట. ఆ పిల్ల, "ఏ కా హే గా!" అని గట్టిగా అరిచిందట. ఇదేమిటయ్యా అని. వాళ్ళమ్మ చెప్పు తీసిందట. చేతికి ఉన్నది గోరింటాకు చెరగకుండా కట్టుకున్న గుడ్డట.

సరే, మా ఆవిడ నవ్వు చూసి ఇది నా పనేనని పసిగట్టి ఉంటారు, ఇక వాళ్ళు నేరుగా ఇటే వస్తారని తెలుసు. చెల్లెమ్మ ఇంటి గేటు బయట నిలబడ్డాను. ముందు బావ, వెనక డోలువాళ్ళు, పక్కన డ్రైవరు, అతని వెనక ప్లకార్డులు. వారం తర్వాత మొదటిసారి అందరూ కలిసి నడిచి వస్తున్నారు, నన్ను తిట్టడానికి.

"బావా! నువ్వు ఆళ్ళ మనిసివి! ఎప్పుడు కలిసీసినావు ఆళ్ళతో?" బావ గొంతు వీధి చివరిదాకా వినిపించేలా ఉంది.

"ఆయన మీ మనిసే! మీ ఇంటి అల్లుడు!" డ్రైవరు ఇంకా గట్టిగా. "మా నిరసన సెడగొట్టడానికి నువ్వే పంపించినావు!"

నేను వేలు పెదవుల మీద పెట్టుకున్నాను. "పడుకుంది" అన్నాను.

"ఎవులు?"

"ఇంకెవరు? పిల్ల. మంచం మీద వాలింది. ఇప్పుడే కళ్ళు మూతలు పడ్డాయి. ఎన్నాళ్ళయిందో నిద్రపోయి."

బావ నోరు సగం తెరిచి ఆపేశాడు. డ్రైవరు వెనక్కి తిరిగి తన మనుషులకు చెయ్యి అడ్డం పెట్టాడు. కానీ కోపం అంత తొందరగా ఎక్కడికి పోతుంది? బావ నా చెవి దగ్గరకు వంగి గుసగుసగా మొదలుపెట్టాడు. "నువ్వు సేసింది దేశద్రోహం, తెలుసునేటి? ఊరంతా సూత్తంటే మా పరువు తీసీసినావు."

"పరువు కాదు, ముందు కాపలా గురించి ఢిల్లీలో ఉన్నోళ్ళని జవాబు సెప్పమనండి" డ్రైవరు అంతకన్నా చిన్న గొంతుతో గుసగుసలాడాడు.

"ఇది రాజకీయం సేసే టైము కాదు" బావ గుసగుస.

"మరి డోలు ఏటికి?" డ్రైవరు గుసగుస.

జీవితంలో ఎన్నో తగాదాలు చూశాను గానీ, ఇద్దరు మొండి మనుషులు చేతులు ఝాడించుకుంటూ, పళ్ళు కొరుక్కుంటూ, చప్పుడు లేకుండా కొట్లాడుకోవడం అప్పుడే చూశాను. వెనకవాళ్ళు కూడా జతలు జతలుగా మొదలుపెట్టారు. గేటు ముందు ఇరవైమంది మధ్య ఢిల్లీ, సరిహద్దు, రాజీనామా, ద్రోహం, అన్నీ గుసగుసలే. నాకు కూడా చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. పదకొండూ ఇరవై రెండు సంగతి ఒకటి, బల్ల మీద చోటు సంగతి ఒకటి. అవీ గుసగుసగానే చెప్పాను. ఎవరూ వినలేదు.

డోలు మోసే మనిషి అలసిపోయి దాన్ని గేటుకు ఆనించబోయాడు. బావ ఒక్క అంగలో వెళ్ళి డోలు కింద రెండు చేతులూ పెట్టాడు. బరువుకు ముందుకు తూలాడు. డ్రైవరు రెండో పక్క పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి దాన్ని పసిబిడ్డలా దించి, పక్కనే మా అరుగు మీద నా భార్య ఆరేసిన పాత దుప్పటి మీద పడుకోబెట్టారు.

అప్పుడు చెల్లెమ్మ తలుపు వారగా తీసి బయటికి వచ్చింది. ఇరవైమందీ నోళ్ళు మూసుకున్నారు. ఆమె అందరినీ చూసింది. మళ్ళీ లోపలికి తొంగి చూసి, "గుర్రు పెడతంది" అంది, ఆ మాట తనకే నమ్మకం లేనట్టు.

నిశ్శబ్దంలో నిజంగానే వినిపించింది. సన్నగా, అలసిపోయిన ఆడపిల్ల గురక. బావ తన చెప్పులు విప్పి చేతిలో పట్టుకున్నాడు. డ్రైవరు కూడా విప్పాడు. ఒకరి వెనక ఒకరు, గోడ వారనే, వట్టి కాళ్ళతో వీధి దాటి వెళ్ళిపోయారు.